ప్రభువు బల్ల దగ్గర తేలే సిద్ధాంతం

“మాకు దైవశాస్త్రం ఎందుకండీ, యేసయ్య ఉంటే చాలదా?” ఈ మాట తెలుగు సంఘాల్లో పాస్టర్ల నోట కూడా వినపడుతుంది. అనేవాళ్లకు తట్టదుగానీ ఇది పక్కా దైవశాస్త్ర వాక్యం. యేసు ఎవరు, దేనికి చాలతాడు, ఆయన చాలితే ఇంకేవి అక్కర్లేదు అన్న ప్రశ్నలతోనే సంఘం తొలి శతాబ్దాలు గడిచాయి. క్రీ.శ. 325లో నైసియాలో బిషప్పులు కూర్చుని వాదించుకున్నదీ ఇదే. యేసు సృష్టించబడినవాడైతే, ఎంత గొప్పవాడైనా సరే, మనుషుల్ని రక్షించడానికి చాలతాడా? చాలడని తేల్చి వాళ్లు రాసుకున్న మాటలకే 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో మరికొన్ని చేరాయి. ఆ విశ్వాస ప్రమాణాన్ని మన చర్చిల్లో ఇవాళ్టికీ గుక్క తిప్పుకోకుండా ఒప్పజెబుతున్నాం. అంత వేగంగా చెబుతాం కాబట్టే దాని వెనుక అంత తగువు ఉందని తెలియదు.

అందుచేత, రోజువారీ క్రైస్తవ జీవితానికి దైవశాస్త్రం అవసరమా అని అడగడంలో పెద్ద ప్రయోజనం లేదు. అది అందరి దగ్గరా ఎలాగూ ఉంది. ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరైనా సరిచూశారా అన్నవే అడగదగ్గ ప్రశ్నలు. తెలుగు క్రైస్తవుల వరకు చూస్తే పాటల పుస్తకం, ప్రశ్నోత్తరి, ఆదివారం ప్రసంగం, ఈమధ్య ఫోన్‌లో యూట్యూబు, వీటన్నిటి అడుగున ఊరి అలవాటు కనిపిస్తాయి.

వీటిలో పాటదే పెద్ద చెయ్యి. పురుషోత్తమ చౌధరి (1803–1890) లాంటి కవులు మన రాగాల్లో కట్టిన కీర్తనల వల్లే అక్షరం రాని అవ్వలకు కూడా త్రియేకత్వం, ప్రాయశ్చిత్తం, పునరుత్థానం నోటికొచ్చాయి. ఇప్పటి పాటల్లో చాలావాటికి వస్తువు పాడేవాడి మనసే: నా కన్నీరు, నా కష్టం, నా హెచ్చింపు. కీర్తనల గ్రంథంలోనూ కన్నీరుంది, కాదనను. కానీ అదొక్కటే తిని పెరిగిన విశ్వాసి, కష్టం తీరనప్పుడు దేవుడి గురించి ఏం చెప్పాలో తెలియక నిలబడిపోతాడు.

ప్రశ్నోత్తరి కథ వేరు. 1528లో సాక్సనీ పల్లెల సంఘాలను తనిఖీ చేసిన మార్టిన్ లూథరు, జనానికి పరలోక ప్రార్థన కూడా రాకపోవడం, కొందరు పాదిరీలకే నేర్పే శక్తి లేకపోవడం చూసి మరుసటి ఏడాది చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. పండితుల కోసం కాదు, ఇంటి యజమాని పిల్లలకూ పనివాళ్లకూ నేర్పడానికి. అందులో అనుదినాహారం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబు చూడాలి. అన్నం, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి కుటుంబం, మంచి పాలకులు, అనుకూలమైన వాతావరణం, మంచి ఇరుగుపొరుగు, అన్నీ ఆ ఒక్క విన్నపంలోకే వచ్చాయి. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హయ్యరు దొరగారి సంఘాల వారసులు ఈ పుస్తకాన్ని తరతరాలు వల్లెవేశారు. వల్లె వేయించి వదిలేశారన్న ఫిర్యాదూ ఉంది, అందులో నిజమూ ఉంది. అయినా ఆ విన్నపానికి లూథరు చెప్పిన అర్థం తెలిసిన మనిషికి రేషన్ బియ్యమూ పంచాయతీ ఎన్నికా ప్రార్థనకు బయటివి కావు.

ఇప్పుడు డిసెంబర్ 31 రాత్రికి వద్దాం. ఆరాధన అయ్యాక, పన్నెండు దాటాక, వరసలో నిలబడి పళ్లెంలోంచి వాగ్దాన కార్డు తీసుకుంటాం. ఆచారం చెడ్డదేం కాదు, ఈ తరహా అలవాటు పాతదే కూడా. జర్మనీలో హెర్న్‌హుట్ అనే ఊళ్లో మొరేవియన్లు రోజుకొక వచనం చొప్పున 1731 నుంచే పుస్తకం అచ్చు వేస్తున్నారు. మన కార్డుల్లో తరచుగా కనిపించేది యిర్మీయా 29లోని పదకొండో వచనం, దేవుడి ఉద్దేశాలు మేలుకేగాని కీడుకు కావన్న మాట. కార్డు మీద కొండలు, సూర్యోదయం, కింద సంఘం పేరు, సేవకుడి ఫొటో. ఆ వచనం మాత్రం బబులోనుకు చెరపట్టుకుపోయిన జనానికి రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనంలో డెబ్బై ఏళ్లని గడువుంది. అంటే ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది ఆ మేలు కళ్లచూడకుండానే పోతారు. ఇంకా పైకి వెళితే, ఇళ్లు కట్టుకోండి, తోటలు వేయండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం బాగు కోసమే ప్రార్థించండి అని ఉంది. త్వరలోనే తిరిగి వెళ్లిపోతామని చెప్పే ప్రవక్తల్ని నమ్మొద్దని కూడా అదే అధ్యాయం చెబుతుంది. ఈ సంవత్సరమే నీ ఉద్యోగం, నీ వీసా, నీ ఇల్లు అని ఆ కార్డు పట్టుకుని ప్రకటించేవారు, ఆ ఉత్తరం ఎవరి మాట వినొద్దందో వాళ్ల పక్షాన నిలబడుతున్నట్టు. ఇది గమనించడానికి దైవశాస్త్ర పట్టా అక్కర్లేదు, పైన పది వచనాలు చదివితే చాలు.

రోగం, చావు దగ్గర వాక్యానికీ మన మాటకూ ఉన్న ఈ తేడా ఇంకా కఠినంగా ఉంటుంది. బిడ్డ పుట్టి పోయిన ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్లు ఏ పాపం చేశారో అంటే అది ఊరి అలవాటు, పూర్వకర్మ భాష. మీ విశ్వాసం చాల్లేదు అంటే అది చర్చి భాష. రెండూ చేసే పని ఒక్కటే, ఏడుస్తున్న తల్లినే దోషిగా నిలబెట్టడం. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే యేసు రెండూ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులనుకోవద్దన్నాడు. యోబు స్నేహితులు అధ్యాయాల తరబడి నడిపిన వాదం ఈ పరామర్శ మాటే, దేవుడు చివర్లో వాళ్లమీదే కోపగించాడు. ఇంత స్పష్టంగా ఉన్నా మన కూడికల్లో సాక్ష్యం చెప్పే అవకాశం స్వస్థత పొందినవాళ్లకే దక్కుతుంది. స్వస్థత రాని మనిషి చివరి వరసలో కూర్చుని వింటాడు.

యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో రోగి సంఘపెద్దలను పిలిపించుకోవాలని, వాళ్లు వచ్చి నూనె రాసి ప్రార్థించాలని ఉంది. నడిచి రావాల్సింది పెద్దలు. ఇవాళ నూనె సీసా లేబులు అంటించుకుని అమ్మకానికి వస్తోంది, రోగి బస్సెక్కి వెళ్తున్నాడు. అదే నూనె నమ్మి షుగరు మాత్రలు ఆపేసినవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. దేవుడు మందు ద్వారా పనిచేయడనేదీ ఒక సిద్ధాంతమే, అయితే తప్పుడు సిద్ధాంతం. దేవుడు చేసినదంతా మంచిదని, వాక్యం శరీరం ధరించిందని, శరీరమే తిరిగి లేస్తుందని నమ్మిన సంఘాలు ఆస్పత్రులు కట్టాయి. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరు 1915లో కుష్ఠు ఆస్పత్రి పెట్టింది. ఎవరూ తాకని చర్మాన్ని తాకడానికి ముందు, ఆ చర్మం దేవుడికి ముఖ్యమని ఎవరో ఆమెకు నేర్పి ఉండాలి.

డబ్బు గురించి మలాకీ మూడో అధ్యాయం వినని తెలుగు విశ్వాసి ఉండడు. పదో వచనం, దశమభాగం తెస్తే ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయన్నది. అదే అధ్యాయం అయిదో వచనంలో కూలివాడి కూలి ఎగ్గొట్టేవాళ్లనూ, విధవరాళ్లను, తండ్రిలేనివాళ్లను, పరదేశుల్ని పీడించేవాళ్లనూ దేవుడు విచారణకు పిలుస్తాడు. ఆ వచనం మీద ప్రసంగం అరుదు. ద్వితీయోపదేశకాండం 14 ప్రకారం పదోవంతును దేవుడి సన్నిధికి తెచ్చి కుటుంబమంతా కూర్చుని భోంచేయాలి, ప్రతి మూడో ఏడూ ఊళ్లోనే ఉంచి లేవీయుడికీ పరదేశికీ తండ్రిలేనివాడికీ విధవరాలికీ పెట్టాలి. (ఆ భోజనానికి ద్రాక్షారసం కూడా కొనుక్కోవచ్చని ఉంది, పల్పిట్ మీద ఆ భాగం వినపడకపోవడానికి అదీ కారణమేమో.) పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేస్తూ కొరింథీయులకు రెండు అధ్యాయాలు రాశాడు. ఒక్కచోట కూడా పదోవంతు అనలేదు. ఒకరి సమృద్ధి మరొకరి అక్కరకు సరిపోవాలన్నాడు. నెల జీతం రాగానే మొదటి పదోవంతు ఎవరికి వెళ్లాలన్నది చాలా ఇళ్లలో మొగుడూ పెళ్లాల మధ్య నిజమైన తగువు. ఆ తగువును ఒక్క వచనంతో తీర్చే పాస్టరు, మిగతా వచనాలు చదవకపోవడం వల్ల లాభపడుతున్నదెవరో కూడా చెప్పాలి.

అన్నిటికంటే పెద్ద పరీక్ష బల్ల దగ్గర. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు వచ్చేసరికి లేచి పక్కకు జరిగాడు, బర్నబా కూడా అతని వెంట జరిగాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. మనుషులు విశ్వాసం వల్లే నీతిమంతులుగా తీర్చబడతారన్న సిద్ధాంతాన్ని గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ఎత్తుకున్నది ఈ సందర్భంలోనే. దాన్ని మనం రక్షణ కూడికల్లో ఒంటరి పాపికి చెప్పే మాటగానే వాడతాం. పుట్టింది మాత్రం ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్న గొడవలో. పుట్టుకను బట్టి కూడు వేరుచేస్తే సువార్తే పోతుందని పౌలు వాదం.

ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ పరీక్ష ఎదుర్కొన్నాడు. 1866లో అక్కడికి చేరిన అతనికి బ్రాహ్మణ పిల్లలతో బడి, పెద్దింటివాళ్ల మన్నన దక్కాయి. అదే సమయంలో యర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగలు బాప్తిస్మం కోరుతూ వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే పైకులాల పిల్లలు బడి మానేస్తారు. క్లౌ, అతని భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీయుల మొదటి అధ్యాయంలో ఒకే చోటు, లోకం నీచంగా చూసేవాళ్లను దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట కనిపించిందని అతనే రాసుకున్నాడు. పిల్లలు బడి మానేశారు, మాదిగలు వచ్చారు. కొత్తగా చేరినవాళ్లకు పెట్టిన నియమాలు చిన్నవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదవడానికి భక్తి నియమాలు. వెట్టిచాకిరీలో ఉన్న మనిషి ఆదివారం పనికి రానంటే ఆసామికి అది ఎలా వినిపించి ఉంటుంది? జాతరకు డప్పు కొట్టం అంటే ఊరికి ఎలా వినిపించి ఉంటుంది? విశ్రాంతి దినం గురించిన సిద్ధాంతం మాదిగపల్లెలో అడుగుపెట్టగానే కూలి తగువైంది. దెబ్బలు తిన్నారు, బావులకు దూరమయ్యారు.

తర్వాత 1876–78 కరువు. బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని క్లౌ వేలమందికి పని చూపించాడు. కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని, దేవుడి కృపను కూలికి ముడిపెట్టకూడదని. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. చరిత్ర పుస్తకాలు ఆ అంకె దగ్గర ఆగుతాయి. నాకైతే ఆ అంకెకంటే అంతకు ముందు నెలల తరబడి ఇవ్వకపోవడమే గొప్పగా అనిపిస్తుంది. లెక్కలు పంపాల్సిన మిషనరీ లెక్క పెరగనివ్వలేదు.

అయితే బల్ల దగ్గర తెలుగు సంఘం గెలిచిందని చెప్పలేం. ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువయ్యారు. మిషన్ల హద్దులు కులం హద్దులతో కలిసిపోయాయి. పెళ్లి సంబంధం దగ్గర, బిషప్పు ఎన్నిక దగ్గర ఆ గీత ఇప్పటికీ కనపడుతుంది. ఇలాంటిది ఎంత దూరం పోతుందో దక్షిణాఫ్రికా చూపించింది. 1857లో కేప్‌లోని డచ్ రిఫార్మ్‌డ్ సంఘం, అందరూ కలిసి ఆరాధించడమే లేఖనానికి తగినదని ఒప్పుకుంటూనే, కొందరి బలహీనత దృష్ట్యా తెల్లవారు కానివారికి విడిగా ఏర్పాటు చేయవచ్చని తీర్మానించింది. 1881 నాటికి విడి సంఘమే పుట్టింది. 1948లో వర్ణవివక్ష దేశ విధానమైనప్పుడు దాన్ని సమర్థించే లేఖన వ్యాఖ్యానం చర్చిల్లో సిద్ధంగా ఉంది. 1982లో ప్రపంచ రిఫార్మ్‌డ్ సంఘాల కూటమి ఒట్టావాలో ఆ సమర్థనను దుర్బోధ అని ప్రకటించింది. ఒక చిన్న సౌకర్యం తప్పుడు సిద్ధాంతంగా తేలడానికి నూట పాతికేళ్లు పట్టింది.

మన దగ్గర 1985 జూలై 16, 17 తేదీల్లో కారంచేడు. మంచినీళ్ల చెరువు దగ్గర నీళ్లు పాడుచేయడాన్ని మున్నంగి సువార్త అనే మాదిగ మహిళ ప్రశ్నించడంతో మొదలై, మర్నాటికి ఆరుగురు మాదిగలు హతమయ్యారు. పల్లె జనం చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు. ఆ వారం చుట్టుపక్కల చర్చిల్లో ఏ ప్రసంగం జరిగింది? శత్రువును ప్రేమించడం మీద జరిగిందా, ఫరో మీద జరిగిందా? రెండూ బైబిల్లోవే, ఎప్పుడు ఏది తెరవాలో తేల్చేదే దైవశాస్త్రం. అంతకు నాలుగేళ్ల ముందే బెంగళూరులో దైవశాస్త్రవేత్త అరవింద్ నిర్మల్ శూద్ర దైవశాస్త్రం అంటూ మొదలుపెట్టిన మాటే తర్వాత దళిత దైవశాస్త్రమైంది. ద్వితీయోపదేశకాండం 26లో ఇశ్రాయేలీయుడు తొలిపంట తెచ్చి, దిక్కులేని పూర్వికుడి సంతతివాళ్లమని ఒప్పుకునే భాగాన్ని దళితుల విశ్వాస ప్రమాణంగా చదివి చూపించాడు. మంచి పని. కానీ అది చాలావరకు ఇంగ్లీషులో, సెమినార్లలో ఉండిపోయింది. పల్లె పాస్టరు చేతికి అందిన తెలుగు పుస్తకం ఇంకేదో.

ఇక్కడే దైవశాస్త్రం మీద ఉన్న ఫిర్యాదుల్ని ఒప్పుకోవాలి. సెమినరీ చదివొచ్చినవాళ్లు కొందరు ఎవరికీ అర్థంకాని మాటలు మాట్లాడతారు. పట్టా ఉన్నచోట ప్రార్థన లేదన్న నింద ఊరికే పుట్టలేదు. పెంతెకొస్తు సంఘాలు పల్లెల్లో అంత త్వరగా పెరగడానికి, ఆత్మ ఎవరి మీదనైనా దిగుతాడన్న మాటను వాళ్లు నిజంగా నమ్మడం ఒక కారణం. పెద్ద చర్చిలో నోరెత్తని కూలి మనిషి అక్కడ లేచి ప్రార్థించింది. అది దైవశాస్త్రానికి వ్యతిరేకం కాదు, పరిశుద్ధాత్మ గురించిన సిద్ధాంతాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవడం. అదే సంఘాల్లో ఇప్పుడు దైవజనుడి మాటకు ఎదురు చెబితే శాపం తగులుతుందనే మాట వినిపిస్తోందంటే, మొదటి సిద్ధాంతాన్ని వాళ్లే మరిచిపోయినట్టు. ఆడవాళ్ల విషయం మెయిన్‌లైన్ సంఘాలకూ నీతి చెప్పే చోటు ఇవ్వదు. ఇంటింటికీ తిరిగి నేర్పింది బైబిలు స్త్రీలు. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ)లో మొదటి మహిళా బిషప్పుగా నంద్యాలలో పుష్పలలిత అభిషేకం పొందింది మాత్రం 2013లో.

ఇంకొక చిక్కు ఉంది, చాలామంది దీన్ని పైకి మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రాల్లో ఆ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సీలో, ఒక్క శాతం కోటాలో పెట్టారు. అందుకని చాలామందికి సర్టిఫికెట్లో ఒక మతం, ఆదివారం ఇంకొకటి. బాప్తిస్మం బహిరంగ సాక్ష్యమని నేర్పే పాస్టరు, అలాంటి సర్టిఫికెట్ పట్టుకున్న కుర్రాడికి ఏం చెప్పాలి? అతని కుటుంబాన్ని వేషధారులని పల్పిట్ మీంచి తిట్టడం తేలిక. మతం మారినా కులం వదలదని తెలిసీ అలా రాసిన ఉత్తర్వును ఏమనాలో చెప్పడం కష్టం. క్రైస్తవుల్లో కులమే లేదని కోర్టులో వాదించేవాళ్లకు మన చర్చి బెంచీలే ఎదురుసాక్ష్యం చెబుతున్నాయి. ఈ ముడి విప్పే బాధ్యత ఆ కుర్రాడి మీద పెట్టి తప్పుకునే సంఘానికి, బాప్తిస్మం గురించి మాట్లాడే అర్హత సగం పోయినట్టేనని నా అభిప్రాయం.

పెళ్లి, ఇల్లు, చావు గురించి ఒక్క మాట. గృహప్రతిష్ఠ ఆరాధనకు పాస్టరుగారు రావడానికి ముందే వాస్తు ప్రకారం వంటగది మారి ఉంటుంది. పెళ్లి శుభలేఖ మీద వచనం ఉంటుంది, టైము రాహుకాలం చూసి పెట్టి ఉంటుంది, కట్నం ఎంతో అయ్యగారికీ తెలుసు. ఆదరణ కూడిక పదకొండో రోజున వస్తుంది. ఇవన్నీ మానమని గద్దించడం తెలిసిన పనే. దేవుడు మంగళవారాన్నీ, నైరుతి మూలనూ కూడా ఏలుతున్నాడని నమ్మించడం అంతకంటే చాలా ఎక్కువ ఓపిక కోరుతుంది.

ఆ ఓపికకు పూర్వం ఒక పద్ధతి ఉండేది. అపొస్తలుల సంప్రదాయం అనే ప్రాచీన గ్రంథంలో బాప్తిస్మం కోరేవాళ్లు మూడేళ్లు నేర్చుకోవాలని ఉంది. ఆఖర్న పరీక్షలో వచనాలు అప్పజెప్పమనరు. విధవరాళ్లను గౌరవించాడా, రోగుల్ని చూడటానికి వెళ్లాడా, మంచి పనులు చేశాడా అని, అతన్ని తీసుకొచ్చినవాళ్లను అడుగుతారు. సిద్ధాంతం నేర్పి, దానికి మార్కులు రోజువారీ నడతలో వేసేవారు. ఇవాళ సువార్త సభలో చెయ్యెత్తినవాడికి మర్నాడే నీళ్లు సిద్ధం. మూడేళ్లు కుదరదు, ఒప్పుకుంటాను. పన్నెండు ఆదివారాలు కుదరవా?

ఈ ఏడాది మీ సంఘంలో బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లకు ఏం నేర్పుతున్నారో, ఎన్ని వారాలు నేర్పుతున్నారో పాస్టరుగారిని అడగండి. నేర్పే మనిషి లేరంటే మీరే ఒక వారం తీసుకోండి. పుస్తకం లేదంటే లూథరు చిన్న ప్రశ్నోత్తరి తెలుగులో ఉంది. పేరుకు తగ్గట్టు చిన్నదే.